మంచుబండికి పట్టుకునే చోటు

ఖర్లింగ్, హిమాచల్ ప్రదేశ్
ఆగస్టు 9, 2023

చి. సంజనకి,

త్రిపురత్తయ్య దీవించి రాసేది. ఇక్కడ ఫోను పలకాలంటే కొండెక్కాలి. కొండెక్కితే నా మోకాలు పలుకుతుంది. అందుకని ఉత్తరమే గతి.

మీ దుబాయ్ కంపెనీ పంపిన ప్రశ్నలు అందాయి. మంచు మీద నడిచే చిన్న చైను బండి ఒకటి కావాలన్నందుకు గంటకి ఎంత వేగం కావాలి, ఏ రంగు ఇష్టం, పాటలు పెట్టుకునే సదుపాయం ఉండాలా అని అడిగారు. ఏమే, సర్కారు డాక్టరుగా రిటైరై ఈ కొండల్లో చిన్న ఆస్పత్రి పెట్టుకున్నదాన్ని. మంచులో ఊరేగడానికి బండి కొంటున్నానని మీ మేనేజరుకి ఎవరు చెప్పారు?

నాకేం కావాలో నేనే చెబుతాను, విను. మా ఊరి నుంచి హెలికాప్టర్ దిగే చోటికి ఒకటే దారి. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మధ్యలో ఎడ్లబండి కూడా పట్టని సందు. కాబట్టి బండి సన్నగా ఉండాలి. కొత్తగా పడ్డ మంచులో కూరుకుపోకుండా తేలిగ్గా ఉండాలి. చేతి తొడుగులు తియ్యకుండానే స్టార్టవ్వాలి, తీస్తే వేళ్లు నావి కాకుండా పోతాయి. మనిషిని పడుకోబెట్టడానికి వెనక చక్రాల్లేని జారుడుబండి ఒకటి తగిలించాలి. పాడైతే ఊళ్లో ఉన్న సుత్తితో, స్పానర్లతో బాగవ్వాలి. అన్నట్టు, అది రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటుందని మీవాళ్లు ఒక్కరూ అడగలేదు. రేకుల కొట్టంలో పడుకుంటుంది. మా ఆవుకి ఉన్న వెచ్చదనం కూడా దానికి ఉండదు.

ఇదంతా యాంగ్‌చెన్ కోసం. నా దగ్గర పనిచేసే పిల్ల. కిందటి చలికాలం దానికి నొప్పులొస్తే ఇంటి తలుపు ఊడదీసి దాని మీద మోసుకెళ్లారు. తలుపుకి పట్టుకునే చోటు ఏముంటుంది? మాటిమాటికీ కింద పెట్టి చేతులు ఊదుకున్నారు. బిడ్డ దారిలోనే పోయింది. కడుపు కోసి తియ్యాల్సిన కాన్పు, అది ఇక్కడ నా చేతుల్లో లేదు. ఇప్పుడు దానికి మళ్లీ నెల తప్పింది. ఫిబ్రవరిలో కాన్పు, నడి చలికాలం. ముందే కింద పట్నంలో ఉంచుదామంటే అక్కడ దానికి నా అన్నవాళ్లు లేరు. ఈసారి ఆ బిడ్డని పోనివ్వను, అంతే.

మీ అత్తయ్య

*

సత్వా, దుబాయ్
సెప్టెంబరు 24, 2023

అత్తయ్యా,

నీ తిట్లు మా ముదీర్‌కి, అంటే మేనేజర్ భార్గవ్‌కి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించాను. ఆయనకి నవ్వు రాలేదు. నాకొచ్చింది.

బండి దొరికింది. ఇక్కడొక పెద్ద హాల్లో ఏడాది పొడుగునా మంచు తయారుచేసి జనాన్ని ఆడిస్తారు. ఆ మంచు మీద సామాను మోసిన చిన్న చైను బండిని పాతదైందని అమ్మేశారు. దుబాయ్‌లోనే పెరిగిన మంచుబండి. అసలు చలి ఎలా ఉంటుందో దానికీ తెలియదు, అమ్మే నాకూ తెలియదు. మా కంపెనీ బండ్లన్నీ ఎడారి తోటలకీ ఒంటెల ఫారాలకీ పోయేవే.

అల్ ఖూజ్‌లో మా యార్డుంది. అక్కడ హన్మంతన్న అని జగిత్యాల వైపు మనిషి. వెల్డింగూ ఆయనే, మెకానిక్కూ ఆయనే. నీ జారుడుబండి ఆయనే చేశాడు. యాంగ్‌చెన్ సంగతి చెబితే చేస్తున్న పని ఆపి విన్నాడు.

"మరి బండి నడిమిట్ల ఆగిపోతే మేడం? మనుషులు యాడ పట్టుకోవాలె?"

"మంచి ఇంజనన్నా, ఆగదు."

"మస్తు మంచి ఇంజన్లను జూసిన్నేను," అని జారుడుబండికి రెండు పక్కలా ఇనప పిడులు అతికించాడు. ఇక్కడ డేరా అనే పేటలో పడవలకి సామాను అమ్మే దుకాణం నుంచి దొడ్డు తాడు తెచ్చి వాటికి గట్టిగా చుట్టాడు. ఇక్కడ ఎండకి ఇనుము ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతుంది, అందుకని యార్డులో ప్రతి పిడికీ తాడు చుడతారు. మంచులో ఎండెక్కడిదన్నా అంటే, "చెయ్యి ఊకుంటలేదు మేడం" అన్నాడు. భార్గవ్ చూసి "ఇదేంటి, పెళ్లికి పల్లకీ పంపుతున్నామా? కోసెయ్యమను" అన్నాడు. సరేనన్నాను. ఇంతలో కంటైనర్ వచ్చేసింది, కోయించే తీరిక లేక వాటితోనే ఎక్కించేశాం. ఏమీ అనుకోకు.

పంపే రోజు పూజ చేశాం. చైన్ల కింద నిమ్మకాయలు, ముందు కుంకుమ బొట్టు, ఆపైన కొబ్బరికాయ. సామాను ఎక్కించే రహమతుల్లా "మేరా హిస్సా కిధర్ హై భాయ్" అని వాటా అడుగుతూ సగం కొబ్బరి తనే తినేశాడు. మా యార్డులో ఇంకో ఆచారం ఉంది. గేటు దాటే ప్రతి బండికీ రేడియేటర్‌లో ఉన్న పాతది వంపేసి కొత్త నీళ్లు నిండా పోస్తారు. "నీళ్లే పానం మేడం. నీళ్లు లేని బండిని తోలియ్యొద్దు. ఆఖరి చెంబు మీరు పొయ్యండ్రి, మీ మేనత్త ఇంటికి పోతున్నది" అన్నాడు హన్మంతన్న. పోశాను అత్తయ్యా, అంచుదాకా. ఎందుకో ఏడుపొచ్చింది.

ఈ మధ్య ఎక్కడా కుదురుగా కూచోలేకపోతున్నాను. ఆఫీసులో కూచుంటే ఫ్లాటుకి పోవాలనిపిస్తుంది, ఫ్లాటుకి పోతే బయటికి పోవాలనిపిస్తుంది. బండి చేరగానే రాయి.

సంజన

*

ఖర్లింగ్
నవంబరు 5, 2023

సంజనా,

బండి చేరింది. నీకంటే ఒద్దికగా ఉంది. మొన్న పల్చగా మంచు పడితే ఊరి చివరిదాకా నడిపి చూశాను. పిలిస్తే పలికినట్టు స్టార్టయింది. ఊరి పిల్లలు వెనక పరిగెత్తారు, ముసలివాళ్లు దణ్ణం పెట్టారు.

ఇక్కడ జీపు నడిపే తాషి అని ఒకడున్నాడు. "తాళం ఇవ్వండి డాక్టర్‌జీ, ఒకసారి మూత తీసి చూస్తాను" అని నాలుగు రోజులుగా నా చుట్టూ తిరుగుతున్నాడు. ఇవాళ చూస్తానంటాడు, రేపు నడుపుతానంటాడు, ఎల్లుండి పెళ్లికి తీసుకెళతాడు. కసిరి పంపేశాను. తాళం నా మెడలో గొలుసుకి కట్టుకున్నాను. పెట్రోలు ఒక్కటే పీపా ఉంది. యాంగ్‌చెన్‌కి నొప్పులొచ్చేదాకా ఆ బండిని ఎవరూ ముట్టుకోకూడదని ఊరందరికీ చెప్పాను.

మీ హన్మంతు పెట్టిన పిడులు బాగానే పనికొస్తున్నాయి. యాంగ్‌చెన్ వాటి మీద మేజోళ్లు ఆరేస్తోంది.

రేపటి జీపే ఆఖరుది. తర్వాత దారి మూతపడుతుంది. ఇక ఉత్తరాలు హెలికాప్టర్ దయ, ఆకాశం దయ.

అత్తయ్య

*

సత్వా, దుబాయ్
డిసెంబరు 11, 2023

అత్తయ్యా,

ముందు ఈ పని చేసి, తర్వాత మిగతాది చదువు. బండి రేడియేటర్‌లో నీళ్లన్నీ వదిలేయించు. ఇంజన్‌లో ఉన్నవి కూడా. ఇప్పుడే.

నాతో ఫ్లాటులో ఉండే మాలతి ఎడారికి పిక్నిక్ వెళ్దామని గాజు సీసా నిండా నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టింది. పొద్దున తీస్తే సీసా నిలువునా చీలి ఉంది. లోపల మంచుగడ్డ మాత్రం సీసా ఆకారంలోనే నిలబడింది. మాలతి తన సీసా పోయిందని ఏడుస్తోంది, నాకు నీ బండి గుర్తొచ్చింది. మేం పోసింది నీళ్లు. చలికి గడ్డకట్టని మందు పొయ్యాలి, పచ్చగానో ఎర్రగానో ఉంటుంది. మంచు హాలువాళ్లు అదే పోసి ఉంటారు, అదంతా వంపేశాం. బండి రేకుల కొట్టంలో పడుకుంటుందని నువ్వు రాశావు. చదివాను, చదివి నవ్వుకున్నాను. దాని అర్థం ఏమిటని ఒక్క క్షణం ఆలోచించలేదు.

భార్గవ్‌కి చెప్పాను. "ఖలాస్ సంజనా. ఓడెక్కింది, ఊరు చేరింది, నడిచింది కూడా. ఆవిడ అడిగిందా? లేదు కదా. నువ్వు రాస్తే తప్పు మనదని మనమే ఒప్పుకున్నట్టు. నోరు మూసుకుని ఉండు" అన్నాడు. నేను బయటికొచ్చి ఇది రాస్తున్నాను. నీ ఫోను ఎంతకీ పలకలేదు, మీ జిల్లా కార్యాలయానికి చేశాను. వైర్‌లెస్ పనిచేస్తే చెబుతామన్నారు. ఆ గొంతు వింటే నాకు నమ్మకం కలగలేదు.

హన్మంతన్నకి చెప్పలేదు. రోజూ "బండి మంచిగ నడుస్తున్నదా మేడం?" అని అడుగుతాడు. నడుస్తోందన్నానా, ఇంటికి పోయి పెళ్లానికి ఫోన్ చేసి చెబుతాడట, మనం చేసిన బండి మంచు కొండల్లో నడుస్తోందని. ఎలా చెప్పను? ఆఖరి చెంబు పోసింది నేను.

నీళ్లు వదిలెయ్యి అత్తయ్యా.

సంజన

*

ఖర్లింగ్
డిసెంబరు 29, 2023

సంజనా,

ఏమైపోయావే? రెండు నెలలుగా నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. హెలికాప్టర్ ఒక్కసారి వచ్చింది, మాకు టపా లేదన్నారు. పోలీసు చౌకీలో వైర్‌లెస్ కూడా మూగబోయింది. ఎల్లుండి మళ్లీ హెలికాప్టర్ వస్తుందంటున్నారు, ఇది దాంట్లో పంపుతాను.

యాంగ్‌చెన్‌కి కాళ్లు వాచాయి. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. చేత్తో తిప్పి చూశాను, తిరగలేదు. కిందికి తీసుకెళ్లక తప్పదు. నొప్పులు మొదలవనిదే హెలికాప్టర్‌లో చోటివ్వరట. అది మాత్రం భయపడటం లేదు, "బండి ఉంది కదా" అంటోంది. నేనూ దానికి అదే చెబుతున్నాను. నిజం చెప్పనా, నాకు భయమేసినప్పుడల్లా కొట్టంలోకి పోయి ఆ బండి మీద కాసేపు కూచుంటాను. హ్యాండిల్ పట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది. పెట్రోలు దండగని స్టార్ట్ చెయ్యను. ఊరికే కూచుంటాను.

నా మోకాలి సంగతి మీ నాన్నకి చెప్పకు. చెబితే పెద్ద రామాయణం చేస్తాడు.

అత్తయ్య

*

సత్వా, దుబాయ్
జనవరి 17, 2024

అత్తయ్యా,

నిన్న నీ ఉత్తరం వచ్చింది. అంటే నాది నీకు అందలేదు. దాని తర్వాత ఇంకోటి రాశాను, ఇది మూడోది. మూడింట్లోనూ ఒకటే మాట. దాని ఇంజన్‌లో నీళ్లున్నాయి. ఈపాటికి అది చీలిపోయి ఉంటుంది. ఆ బండిని నమ్ముకోకు.

నువ్వు దాని మీద కూచుని ధైర్యం తెచ్చుకుంటున్నానని రాశావు. అది చదివాక నాకు ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. మెట్రో ఎక్కి చివరి స్టేషన్ దాకా పోయి, దిగకుండా అదే రైల్లో వెనక్కి వచ్చాను. నైఫ్ బజారులో కొరియర్ దుకాణంవాడు మీ ఊరి పేరు చూసి, "మేడం, మా దారి మనాలీతో సరి" అన్నాడు. అక్కడిదాకానైనా పంపమన్నాను. జిల్లా కార్యాలయంలో ఫోనెత్తే ఆయన నా గొంతు గుర్తుపడుతున్నాడు. "బేటీ, మంచు కురుస్తోంది, మేమేం చేస్తాం" అంటున్నాడు.

నేను రాశానని భార్గవ్‌కి తెలిసింది. వీసా రెన్యువల్ దగ్గర పడుతోందని గుర్తుచేశాడు. గుర్తుంది అన్నాను.

వేరే దారి చూడు అత్తయ్యా. ఏదైనా సరే. ఇప్పుడే మొదలుపెట్టు.

సంజన

*

ఖర్లింగ్
మార్చి 2, 2024

సంజనా,

బిడ్డ బతికింది. తల్లీ బాగుంది. ముందు అది చదివి, మంచినీళ్లు తాగి, తర్వాత మిగతాది చదువు.

జనవరి చివర్లో నీ ఉత్తరాలు మూడూ ఒకే దారంతో కట్టి తెచ్చి ఇచ్చారు. మొదటిది చదివి కొట్టంలోకి పరిగెత్తాను. తాషితో మూత తీయించాను. ఇంజన్ పక్కభాగం నెర్రె విచ్చి ఉంది, నెర్రెలోంచి మంచు బయటికి పొడుచుకొచ్చింది. అక్కడే నిలబడి నిన్ను తిట్టాను. అచ్చ తెలుగులో తిట్టాను. ఒక్కరికీ ముక్క అర్థం కాలేదు, అయినా అందరూ తలలు దించుకున్నారు.

నా తిట్లయ్యాక తాషి మెల్లిగా అన్నాడు, "నవంబర్‌లో తాళం ఇచ్చి ఉంటే చూసేవాణ్ణి డాక్టర్‌జీ. చలి రాకముందు లోపల ఏం పోశారో చూడటం ఇక్కడ అందరికీ అలవాటు." మెడలోంచి తాళం తీసి వాడి చేతిలో పెట్టాను. దాంతో చేసేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు, అయినా పెట్టాను. నువ్వు నీళ్లు పోశావు, నేను తాళం వేశాను. ఇద్దరం ఇద్దరమే.

నీ ఉత్తరం ఇంజన్‌ని కాపాడలేదు. మాకు కాస్త వ్యవధి ఇచ్చింది. జారుడుబండి విప్పి దాంట్లో బార్లీ పిండి బస్తాలు వేసి ఊరివాళ్ల చేత లాగించడం మొదలుపెట్టాను. మొదట్లో తెగ పోట్లాడుకున్నారు, ఎవరు ముందు, ఎవరు లోయ వైపు అని. ఆడవాళ్లూ వచ్చారు. సందు దగ్గర ఎవరు ఎటు పట్టుకోవాలి, ఎక్కడ చేతులు మారాలి, అన్నీ బస్తాల మీదే నేర్చుకున్నారు. యాంగ్‌చెన్ గుమ్మంలో కూచుని "నేను అంత బరువుండను" అని నవ్వేది.

నొప్పులు అనుకున్నదానికంటే ముందే వచ్చాయి, తెల్లవారగానే బయల్దేరాం. నీ ఉత్తరం రాకపోయుంటే ఆ పొద్దున నేను తాళం తిప్పుతూ కూచునేదాన్ని.

నాకు ఎక్కువ దూరం నడక సాగలేదు. మోకాలు మొరాయించింది. నన్నూ ఎక్కించబోయారు, ఎక్కితే చంపుతానన్నాను. కర్ర పట్టుకుని వెనకాలే వెళ్లాను కాబట్టి అంతా చూశాను. ఇక్కడి చలికి ఒట్టి ఇనుము పట్టుకుంటే చర్మం ఊడి వస్తుంది. తొడుగు తడిసిందంటే జారిపోతుంది. ఆ తాడు చుట్టిన పిడుల మీద మాత్రం ఒక్క చెయ్యి జారలేదు. సందు దగ్గర జారుడుబండి లోయ వైపు ఒరిగింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి కొండ వైపు పట్టుకున్నవాళ్లంతా మంచులో వెల్లకిలా పడి ఉన్నారు, పిడులు మాత్రం వదల్లేదు. పిండి బస్తాలతో నేర్చుకున్నది అదే. కిందటేటి తలుపైతే ఆ పిల్ల పోయేదే సంజనా. తల్లీ పోయేది, బిడ్డా పోయేది.

చౌకీలో వైర్‌లెస్ మళ్లీ పలికింది కాబట్టి ముందే కబురు పెట్టగలిగాం, హెలికాప్టర్ అందింది. కింద పట్నంలో ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, గొంతు మాత్రం నాలాంటిదేనట.

ఇక పని మాట. తప్పు తప్పే. దారి తెరిచాక కొత్త ఇంజన్ పంపించండి, మీ మేనేజరుకి నా పేరు చెప్పు. రెండోది, హన్మంతుతో నువ్వు అబద్ధమాడటం నాకు నచ్చలేదు. వెళ్లి చెప్పు. నీళ్ల సంగతీ చెప్పు, పిడుల సంగతీ చెప్పు. ఒకటి చెప్పి ఆగి ఆయన్ని చంపకు, రెండూ ఒక్క ఊపిరిలో చెప్పు.

పిడులకి ఒకటే లోపం, ఎనిమిదే ఉన్నాయి. చాలలేదు. చోటు దొరకనివాళ్లు ముందువాళ్ల నడుములు పట్టుకుని లాగారు.

అత్తయ్య

*

అల్ ఖూజ్, దుబాయ్
మార్చి 23, 2024

అత్తయ్యా,

యార్డులోనే కూచుని రాస్తున్నాను, గ్రైండర్ మోతలో. అక్షరాలు వంకరపోతే తిట్టకు.

పొద్దున చాయ్ వేళ హన్మంతన్నకి చెప్పాను, నువ్వన్నట్టే ఒక్క ఊపిరిలో. అయినా ఆయనకి నీళ్లే వినిపించాయి. గ్లాసు కింద పెట్టి, "నేనే పోస్తి కదా మేడం" అన్నాడు. ఆఖరి చెంబు నాదన్నాను. "చెంబు మీదే, బుద్ధి నాది" అని కంటైనర్ల వెనక్కి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. రహమతుల్లా "భాయ్ కో క్యా హువా" అని నా వెంటపడితే అతనికీ మొత్తం చెప్పాను. అతను రొట్టె తీసుకుని కంటైనర్ల వెనక్కి పోయి, "తేరీ రస్సీ నే బచ్చీ బచాయీ, పాగల్, రోటీ ఖా" అని, నీ తాడే ఆ పిల్లని బతికించిందని గట్టిగా అరవడం ఇక్కడిదాకా వినిపించింది.

భార్గవ్‌తో కూడా మాట్లాడాను. ఇంజన్ పంపాలి, లేదంటే పని మానేస్తాను, నా వీసా కాగితాలు మీ దగ్గరే పెట్టుకోండన్నాను. నీ ఉత్తరం ఆయన ముందు పెట్టాను. రెండుసార్లు చదివాడు. చివరికి, "యల్లా, సరే, పంపు. ఈసారి మాత్రం దాంట్లో ఏం పోస్తున్నారో నాకు చూపించు" అన్నాడు. కొనేవాళ్లని అడిగే ప్రశ్నల్లోంచి రంగూ పాటలూ తీసేశాను. బండి రాత్రి ఎక్కడ పడుకుంటుందన్నది మొదటి ప్రశ్న. ఆగిపోతే ఎంతమంది పట్టుకుంటారన్నది రెండోది.

ఇందాక హన్మంతన్న కంటైనర్ల వెనకనుంచి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇనప కడ్డీ తీసుకుని పన్నెండు ముక్కలు కోశాడు. కొత్త ఇంజన్‌తో పాటు ఇంకో జారుడుబండి పంపుతాడట, ఎవరు అడిగినా అడగకపోయినా. డేరా తాడు పక్కనే పెట్టుకున్నాడు. మొదటి ముక్క అతికించబోయి ఆగి నన్ను పిలిచాడు.

"మేడం, అక్కడోళ్లు ఎంతెత్తు ఉంటరు? గుంజేటప్పుడు నడుం వంగొద్దు."

నాకు తెలియదన్నాను. ఇన్నాళ్లు నీతో బండి గురించి ఇంత మాట్లాడి, దాన్ని లాగే మనుషుల గురించి ఒక్క మాట అడగలేదు. చెప్పు అత్తయ్యా. ఆ రోజు లాగినవాళ్లందరినీ నిలబెట్టి, చెయ్యి కిందికి వదిలితే నేలనుంచి ఎంతెత్తులో ఉంటుందో కొలిచి రాయి. ఆడవాళ్లది కూడా. ఆయన వెల్డింగ్ ఆపి కూచున్నాడు.

సంజన